మా స్కూలు ఫైనలు ఏటి పాటలు

1957వ సంవత్సరం వేసవిలో మేము స్కూలు ఫైనలు పరీక్ష వ్రాసి బయటపడినాము. అంతకు ముందటి నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించినది గనుక, కొత్త రాష్ట్రంలో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షకు కూర్చున్న తొలి జట్టు మాదే. ఏప్రిల్ 1 నుండి నయాపైసలు చలామణీలోకి వచ్చినవి. సినిమాహాలు వద్ద నేల టిక్కెట్టుకు నాలుగణాలు ఇవ్వవలెనా, ఇరవై అయిదు నయాపైసలు ఇవ్వవలెనా అని గుమాస్తాతో వాదించిన రోజులవి. రెండూ ఒకటేనని తెలిసి కూడ వాదన మానలేదు. ఆ మార్చి 27వ తేదీన 'మాయాబజార్' విడుదలయినది. మా చదువుకు ఆ చిత్రం వల్ల అపకారమేమీ జరుగలేదు. శ్రీకాకుళం జిల్లాలోని చిన్న పట్టణాలకు ప్రింటు చేరడానికి చాలాకాలం పట్టేది. పాటలు మాత్రం చిత్రం కంటె ముందే చేరినవి.

ఎట్లు చేరినవో ఇప్పటివారికి చెప్పవలసి యున్నది. మొదటి మార్గం పెళ్ళిళ్లు. వైశాఖమాసంలో ఏ ఊరి పందిరిలోనైనా మైకు సెట్టువాడు తాటిచెట్టుకు బాకా కట్టి, తెల్లవారుజామున రికార్డు పెట్టేవాడు. పక్క ఊరి పొలంలో పనిచేసేవారు కూడ ఆ పాట వినేవారు. రెండవది కాఫీ హోటలు. డెబ్బయి ఎనిమిది చుట్ల రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు కొంచెం మించి నడిచేది. ఒక్క కాఫీతో ఆరు రికార్డులు వినవచ్చునని మేము లెక్క కట్టినాము. హోటలు యజమాని కూడ ఆ లెక్క కట్టగలవాడే గనుక మమ్ములను నాలుగవ రికార్డుకే లేపివేసేవాడు. మూడవది పాటల పుస్తకం. పలుచని కాగితం, చెదిరిన అచ్చు, అచ్చుతప్పులు. అయినా పాఠ్యపుస్తకాల కంటె ఎక్కువ శ్రద్ధతో వాటిని కంఠస్థం చేసినాము.

నాలుగవ మార్గం రేడియో. 1948 డిసెంబరు 1 నుండి విజయవాడ కేంద్రం పనిచేస్తున్నది గాని, 1952లో కేశ్కర్ గారు సమాచార ప్రసారశాఖ మంత్రి అయిన తరువాత ఆకాశవాణిలో సినిమా పాటకు చోటు దాదాపు లేకపోయినది. శాస్త్రీయ సంగీతానికీ లలిత సంగీతానికీ ఆ విధానం చేసిన మేలు కాదనరానిది. పదహారేళ్లవారికి మాత్రం ఆ మేలు కనబడలేదు. మా వీధిలో రేడియో ఉన్న ఇల్లు ఒక్కటే. ఆ ఇంటి అరుగు మీద మేము చేరి, ముల్లును రేడియో సిలోను వైపు త్రిప్పుమని ఇంటివారి అబ్బాయిని బ్రతిమాలేవారము. ఆ ఏటి 'నయా దౌర్', 'ప్యాసా' పాటలు మేము హిందీ అర్థం కాకుండానే నేర్చుకొన్నది అక్కడనే.

మా పాఠశాలలో సినిమా పాట నిషిద్ధం. ఆ పాఠశాల పేరుగాని, పట్టణం పేరుగాని ఇక్కడ అవసరం లేదు. ఆ రోజులలో అన్ని పాఠశాలలూ ఒక్కటే. 1957 ఆగస్టు 15 ఉత్సవానికి, అప్పుడే ఉత్తీర్ణులమైన మమ్ములను కూడ పిలిచినారు. మా తరగతిలో చక్కగా పాడే సహాధ్యాయి ఒకడు ఉండేవాడు. అతడు మొదట మోహన రాగంలో త్యాగరాజ కీర్తన ఒకటి పాడినాడు. పెద్దలు సంతోషించినారు. పిల్లలు ఇంకొకటి పాడుమని కేకలు వేయగా, అతడు 'మాయాబజార్' లోని వెన్నెల పడవ పాట ఎత్తుకొన్నాడు. పల్లవి ముగియకముందే ప్రధానోపాధ్యాయులు లేచి చేయి ఎత్తినారు. ఇది సంగీతం కాదనీ, మద్రాసు స్టూడియోలలో ఎవరో కల్పించిన వేషమనీ, విజయనగరం వంటి విద్యాక్షేత్రానికి ఇంత దగ్గరలో ఉండి ఇట్టి పాటలు పాడరాదనీ సెలవిచ్చినారు. మా మిత్రుడు దిగివచ్చినాడు. అతడు రెండవసారి పాడినదీ ఆ మోహన రాగమే. ఆ సంగతి సభలో ఎవరికీ తోచలేదు. మాకు కూడ తోచలేదు.

ఆ రోజు ఆ మాటకు మేము సమాధానం చెప్పలేకపోయినాము. సమాధానం అంతా విజయనగరంలోనే ఉన్నదని చాలాకాలానికి తెలిసినది.

1919లో విజయరామ గజపతిరాజు గారు విజయనగరంలో గాన పాఠశాల స్థాపించినారు. తమ కొలువులోని ఒక ఉద్యోగి కుమారునికి చూపు లేదనీ, అతనికి సంగీతం చెప్పించడానికై మొదలైన ఆలోచన పాఠశాలగా పెరిగినదనీ చెప్పుకొంటారు. బొబ్బిలి ప్రాంతపు అజ్జాడలో పుట్టిన హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. ఆ తరువాత ఆ పీఠం ద్వారం వేంకటస్వామి నాయుడు గారిది. వయొలిన్ అనే పరదేశపు వాద్యాన్ని తెలుగువాని గొంతులా పలికించిన మహనీయుడాయన.

ఆ పాఠశాలకు కృష్ణాజిల్లా నుండి చేతిలో పైకం లేని కుర్రవాడొకడు వచ్చినాడు. అతడే ఘంటసాల వేంకటేశ్వరరావు. గాత్రం నేర్పిన గురువు సాలూరు వాస్తవ్యులు పట్రాయని సీతారామశాస్త్రి గారు. శిష్యుని వద్ద ఫీజు తీసుకొనే స్థితి లేదు, శిష్యునికి పెట్టే స్థితి గురువుకూ అంతంత మాత్రమే. ఘంటసాల జోలె పట్టి విజయనగరం ఇళ్లలో మధూకరం చేసి చదువుకొన్నాడు. ఈ సంగతిని ఆయన పెద్దవాడైన తరువాత కూడ దాచుకోలేదు. 1942 ఉద్యమంలో జైలుకు పోయినాడు. ఆ తరువాత మద్రాసు చేరినాడు. ఆ పట్టణపు గృహిణులు వేసిన అన్నమెంతో ఎవరూ లెక్క వ్రాయలేదు గాని, 1957లో తెలుగు దేశమంతా విన్న కంఠానికి ఆ అన్నమే ఆధారమయినది.

ఇక 'మాయాబజార్' బాణీల సంగతి. చిత్రానికి సంగీత దర్శకునిగా ఘంటసాల పేరు ఉన్నది. అయితే మొదట ఆ పనికి పూనుకొన్నవారు సాలూరు రాజేశ్వరరావు గారు. ఆయన నాలుగు పాటలకు వరుసలు కట్టి విరమించుకొనగా, వాటికి వాద్యసమ్మేళనం కూర్చి రికార్డు చేసి, మిగిలినదంతా పూర్తి చేసినది ఘంటసాల. మా మిత్రుని నోట ఆగిపోయిన పడవ పాట ఆ నాలుగింటిలోనిదే. ఘంటసాల, రాజేశ్వరరావు ఇద్దరూ 1922లో జన్మించినవారు. రాజేశ్వరరావు స్వగ్రామం సాలూరు దగ్గరి శివరామపురం. తండ్రి సన్యాసిరాజు గారు ద్వారం వారి కచేరీలకు మృదంగం వాయించినవారు. అనగా, వేదిక మీది ద్వారం వారి వయొలిన్ ప్రక్కన కూర్చున్న వాద్యకారుని కుమారుడే మా ప్రధానోపాధ్యాయులు వేషమని త్రోసివేసిన పాటకు వరుస కట్టినాడు. బాల్యంలోనే 1935 నాటి 'శ్రీకృష్ణ లీలలు'లో కృష్ణుడై నటించి పాడినవాడు, 'మల్లీశ్వరి', 'మిస్సమ్మ' చిత్రాలకు సంగీతం కూర్చినవాడు, ఆ మార్దవం ఎక్కడ నుండి తెచ్చుకొన్నాడని విద్వాంసులు చర్చిస్తారు. ఉత్తరాది సంగీతం ప్రభావం ఉన్నదంటారు. ఉండవచ్చును. ఇంటిలో ముందుగా విన్నది మాత్రం మృదంగమే.

మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1901లో రాజాంలో జన్మించినారు. పెరిగినది బందరులో గనుక బందరువారు తమవాడంటారు. అందుకు మాకు ఆక్షేపణ లేదు. చిత్రంలో పెళ్ళికూతురు వేషంలోని ఘటోత్కచుడు పొంగిపోయి పాడే పాటలో ఘంటసాలతో గొంతు కలిపినది పులపాక సుశీల. ఆమె 1935లో విజయనగరంలో పుట్టి, ఆ గాన పాఠశాలలోనే చదువుకొన్నది. ఆమెను సినిమాకు చేర్చినది ఆకాశవాణి మద్రాసు కేంద్రపు పిల్లల కార్యక్రమం. అక్కడ ఆ గొంతు విని పెండ్యాల నాగేశ్వరరావు గారు 'కన్నతల్లి' (1953)లో పాడించినారు. సినిమా పాటకు తలుపు మూసినదన్న రేడియోయే, సినిమాకు ఇంతటి గాయనిని ఇచ్చినది! 2016లో 17,695 పాటలతో ఆమె పేరు గిన్నిస్ గ్రంథానికెక్కినది.

ఆ నాడు సాలూరు, బొబ్బిలి, రాజాం శ్రీకాకుళం జిల్లాలోనివి, విజయనగరం విశాఖపట్టణం జిల్లాలోనిది. విజయనగరం జిల్లా 1979లోగాని ఏర్పడలేదు. ఏ జిల్లా లెక్కలో వేసినా, ఒక్క చిత్రానికి ఇన్ని విధాల ఈ ప్రాంతం ఋణమిచ్చినదని మాకు పాఠశాలలో ఎవరూ చెప్పలేదు. చెప్పియుంటే మా మిత్రుడు పాట ముగించేవాడేమో.

అయితే ఈ గర్వానికి హద్దు కూడ చెప్పుకొనవలెను. వీరందరూ రైలెక్కి మద్రాసు పోయిన తరువాతనే పాట పుట్టినది. ఆ పాటలలో మా భాష లేదు. గుంటడు, బుగత అనే మాటలు ఆ రికార్డులలో ఎక్కడా వినబడవు. గురజాడ అప్పారావు గారు విజయనగరం పలుకుబడిని 1897 నాటికే 'కన్యాశుల్కం'లో అచ్చు వేయించినారు గాని, సినిమా పాట ఆ దారి పట్టలేదు. మా ఊళ్ల తప్పెటగుళ్లు, జముకుల కథలు స్టూడియో గడప త్రొక్కనే లేదు. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు మా యాసనూ, మా వరుసలనూ పాటకు ఎత్తిన తరువాతనే, 1980లలో అవి తెరమీదికి వచ్చినవి. అప్పటికి మేము నలుబది దాటినవారము. ఆ పాటలకు మా పిల్లలు గంతులు వేసినారు.

ఆ ఏటి తక్కిన పాటలలో రెండింటిని విడువరాదు. 'సువర్ణసుందరి'లో ఆదినారాయణరావు గారు కట్టిన రాగమాలికను ఘంటసాల, జిక్కి పాడినారు. అదే వరుసను హిందీలో లతా మంగేష్కర్, రఫీ పాడగా ఉత్తరదేశమంతా విన్నది. 'తోడికోడళ్లు'లో, కారులో షికారు పోయే యువతిని ఆపి ఆమె సుఖం వెనుక ఎవరి చెమట ఉన్నదో అడిగే పాట ఇంకొకటి. ఆ పాట శ్రీశ్రీదేనని మేము పందెం కాసినాము. విశాఖపట్టణపు కవి గనుక మావాడే అన్న ధీమా. అది ఆచార్య ఆత్రేయ రచన. పందెంలో కాఫీలు పోయినవి. ఈనాటికీ ఆ పొరపాటు చేసేవారు చాలమంది ఉన్నారు.

1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధభారతిని ప్రారంభించినది. సినిమా పాటకు రేడియోలో గౌరవస్థానం దొరికినది. అప్పటికి మా జట్టు చెదరిపోయినది. కొందరు విజయనగరం మహారాజా కళాశాలలో చేరినారు. కొందరు నెల్లిమర్ల జనపనార మిల్లులో పనికి కుదిరినారు. పడవ పాట పాడిన మిత్రుడు మేనమామ వెంట ఖరగ్‌పూరు రైల్వే కార్ఖానాకు పోయినాడు. విశాఖపట్టణంలో 1963లో రేడియో కేంద్రం వచ్చినప్పుడు, గాత్రపరీక్షకు దరఖాస్తు పెట్టుమని మేము ఉత్తరం వ్రాసినాము. యంత్రాల చప్పుడులో గొంతు బొంగురుపోయినదని జవాబు వచ్చినది.

2007లో యాభై ఏండ్లకు మేము మళ్లీ కలసికొన్నాము. పదకొండుగురము వచ్చినాము. భోజనాలైన తరువాత అతనిని పాడుమన్నాము. ఆ గొంతుతోనే పల్లవి పాడినాడు, మొదటి చరణం పాడినాడు. రెండవ చరణం నడుమ మాట జారిపోయినది. మాలో ఎవరికీ ఆ మాట అందలేదు. పాటల పుస్తకం ఎవరి వద్దనూ మిగలలేదు. వడ్డనకు వచ్చిన వంటమనిషి, గరిటె చేతిలో ఉండగానే, ఆ మాట అందించినాడు.