ఏ కాగితం ఏ కవరులో

ప్రభుత్వ టెండరుకు వెళ్లే కాగితాలను ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చదివి, ఇది టర్నోవర్ సర్టిఫికెట్, ఇది అనుభవ పత్రం, ఇది అఫిడవిట్ అని వేరుచేసి పెడుతోంది. మా ఆఫీసు కుర్రాళ్లు దాన్ని కొత్త విద్య అంటారు. డెల్టా కాలవల పనులు చేసే కాంట్రాక్టరు దగ్గర టెండరు గుమాస్తాగా తల నెరిసినవాణ్ణి, నాకది పాత విద్యే అనిపిస్తుంది. మా రోజుల్లో మాత్రం ఎవరు ఎప్పుడు విప్పాలన్నదాన్నిబట్టి కాగితాలు వేరుచేసేవాళ్లం. లోపల ఏం రాసుందన్నది ఆ తరవాతి సంగతి.

అప్పట్లో టెండరు వేయాలంటే ముందు డివిజన్ ఆఫీసుకు వెళ్లి డబ్బు కట్టి షెడ్యూలు కొనుక్కోవాలి. అంటే ఎవరెవరు టెండరు వేయబోతున్నారో ఆ ఆఫీసులో అందరికీ ముందే తెలిసిపోతుంది. షెడ్యూల్లో పని పరిమాణాలు, రేట్లు రాసే గడులు ఉండేవి. నిబంధనల దగ్గరికొస్తే మద్రాసు రాష్ట్రం నాటి ఎండీఎస్ఎస్ (మద్రాస్ డీటెయిల్డ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్) పుస్తకం పేరు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఎన్నో ఏళ్లు గడిచాక కూడా, కాంట్రాక్టు పత్రాల్లో కనిపించేది.

రెండు కవర్ల పద్ధతిలో అసలు పనితనమంతా కవర్లు కట్టడంలోనే ఉండేది. రిజిస్ట్రేషన్, అనుభవ పత్రాలు, బ్యాంకు సాల్వెన్సీ, ఈఎండీ (టెండరు ధరావతు) తాలూకు డీడీ టెక్నికల్ కవరులోకి. రేటు ఒక్కటే ప్రైస్ కవరులోకి. ఆ రెండూ కలిపి మరో పెద్ద కవరులోకి. అతుకుల మీద లక్క కరిగించి పోసి, ఇత్తడి సీలుకు కాస్త తడి తగిలించి నొక్కాలి. తడి లేకపోతే లక్క సీలుకే అంటుకుని ఊడి వచ్చేది, మళ్లీ మొదటికే. అర్హత తేల్చే అధికారి చేతికి రేటు ముందే అందకూడదన్నది దీని వెనక సూత్రం. అందితే తనకు కావలసినవాడి కాగితాల్లో లోపాలు కనపడవు, అక్కర్లేనివాడి కాగితాల్లో లేనివి కూడా కనపడతాయి. అందుకే పొరపాటున రేటు రాసిన కాగితం టెక్నికల్ కవరులో దూరితే ఆ టెండరు పనికి రాదని పక్కన పడేసేవారు.

ఇంత కట్టుదిట్టంగా కట్టిన కవరు డబ్బాలో పడాలి కదా! కష్టమంతా అక్కడే. కాంట్రాక్టర్లు కుమ్మక్కై రింగయ్యారంటే గేటు దగ్గర నలుగురు మనుషులు నిలబడేవారు. షెడ్యూలు ఎవరు కొన్నారో తెలుసు, టెండరు డబ్బా ఎక్కడుందో తెలుసు, గడువు ఎన్నింటికో తెలుసు. ఇంకేం, ఆ టైము దాటేదాకా మనిషిని మాటల్లో పెడితే చాలు. మాటలతో కాకపోతే చేతులతో. లోపల కవర్లు ఎంత పద్ధతిగా ఉన్నా డబ్బాలో పడినవి రెండో మూడో ఉండేవి.

ఈ ఆటను కట్టించడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003 జనవరిలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. అంతకుముందే, 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది కాబట్టి, లక్క ముద్ర చేసే పని ఆ సంతకం చేయగలిగింది. షెడ్యూలు ఇంట్లో కూర్చునే దించుకోవచ్చు. ఎవరు దించుకున్నారో, ఎవరు వేశారో విప్పేదాకా రింగువాళ్లకు తెలిసే దారి లేదు. గేటు దగ్గర నిలబడే మనుషులకు పని పోయింది.

తమాషా ఏమిటంటే, కంప్యూటరు వచ్చినా కవరు పోలేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ తయారుచేసిన టెండరు సాఫ్ట్‌వేర్‌లో ఈరోజుకీ ఒక కవరు, రెండు కవర్లు అనే మాట్లాడతారు. బిడ్డును తాళం వేసి దాస్తారు. విప్పడానికి నియమించిన అధికారుల్లో కనీసం ఇద్దరు తమ డిజిటల్ సంతకాలతో వస్తేనే తాళం తీయగలరు. టెక్నికల్ కవరు తేలాకే ఫైనాన్స్ కవరు. ఆ సాఫ్ట్‌వేర్ కాగితాన్ని చదవదు, మనం ఏ గడిలో పెడితే ఆ రకం అని నమ్ముతుంది. టర్నోవర్ గడిలో కరెంటు బిల్లు ఎక్కించినా కిక్కురుమనదు. అదే రేట్లు నింపే బీఓక్యూ ఎక్సెల్ ఫైలు పేరు ఒక్క అక్షరం మార్చి ఎక్కించి చూడండి, తిప్పికొడుతుంది.

కాగితాన్ని చదివి రకం చెప్పే విద్య పుట్టింది వేరే చోట, టెండర్లతో ఏ సంబంధమూ లేకుండా. అమెరికాలో ర్యాండ్ సంస్థకు చెందిన ఎం.ఇ. మేరన్ 1961లో ఒక ప్రయోగం ప్రకటించాడు. కంప్యూటర్ల మీద వచ్చిన 405 పరిశోధన సారాంశాలు తీసుకుని 32 అంశాలుగా విడదీశాడు. వాటిలో 260 సారాంశాలను ఆధారం చేసుకుని, ఏ మాట ఏ అంశంలో ఎంత తరచుగా వస్తోందో లెక్కగట్టాడు. అలా ఏరిన 90 మాటల సాయంతో మిగిలినవి ఏ అంశం కిందికి వస్తాయో యంత్రం చేత ఊహింపజేశాడు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ల లెక్కలు చాలా ముదిరాయి గానీ, చూసిన కాగితాలను బట్టి చూడని కాగితాన్ని అంచనా కట్టడమన్నది అక్కణ్ణుంచి వచ్చిన దారే. ‘చార్టర్డ్ అకౌంటెంట్’, ‘ఆర్థిక సంవత్సరం’ అన్న మాటలు ఒక పేజీలో కనపడితే టర్నోవర్ దొంతరలోకి, ‘ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు’, ‘అగ్రిమెంటు నంబరు’ కనపడితే అనుభవ పత్రాల దొంతరలోకి.

చిక్కు ఎక్కడొస్తుందో చెబుతాను. మన దగ్గర కాంట్రాక్టరు తాహతు లెక్కకు ఒక సూత్రం ఉంది: 2ఏఎన్ – బి. ‘ఏ’ అంటే గత అయిదేళ్లలో ఏదైనా ఒక్క ఏడాదిలో చేసిన అత్యధిక పని విలువ, ‘ఎన్’ కొత్త పనికి ఇచ్చిన గడువు ఏళ్లలో, ‘బి’ చేతిలో మిగిలి ఉన్న పనుల విలువ. ఏ ఆరు కోట్లు, ఎన్ ఒక ఏడాది, బి నాలుగు కోట్లు అనుకోండి. తాహతు ఎనిమిది కోట్లు. ఏడు కోట్ల టెండరుకు నిక్షేపంగా అర్హుడు. ఇంతలో రెండు కోట్ల పని ఇంకా మిగిలి ఉన్న ఒక కాంట్రాక్టు తాలూకు సర్టిఫికెట్ ‘పూర్తయిన పనుల’ దొంతరలో పడిందని బయటపడింది. బి ఆరు కోట్లయింది, తాహతు ఆరు కోట్లకు దిగింది, టెండరు పోయింది. ఆ సర్టిఫికెట్‌లో అగ్రిమెంటు నంబరు, పని పేరు, విలువ, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సంతకం, సూపరింటెండింగ్ ఇంజనీరు కౌంటర్ సంతకం అన్నీ పూర్తయిన పనికి ఉన్నట్టే ఉంటాయి. పని నడుస్తోందని అడుగున ఒక్క వాక్యం. చాలాసార్లు దాని మీదే రబ్బరు స్టాంపు పడి ఉంటుంది. మాటల రాశిని చూసి రకం చెప్పే యంత్రానికి తొంభై తొమ్మిది పాళ్లు అది పూర్తయిన పనే.

టెండరు పరిశీలించే కమిటీ మాత్రం ఆ ఒక్క వాక్యం కోసమే పేజీ తిరగేస్తుంది. పోటీదారుడి మనిషీ దానికోసమే చూస్తాడు. అందుకే మా కుర్రాళ్లకు నేను చెప్పేది ఒకటే. పాన్ కార్డు, జీఎస్టీ కాగితం, బ్యాలెన్స్ షీట్లు సాఫ్ట్‌వేర్‌కు వదిలేయండి, మీకంటే బాగా సర్దుతుంది. అనుభవ పత్రాలూ, చేతిలో ఉన్న పనుల పట్టికా మాత్రం యంత్రం సర్దిన తరవాత కూడా ఒక మనిషి పెన్ను పట్టుకుని మొదటి అక్షరం నుంచి ఆఖరి సంతకం దాకా చదవాల్సిందే.