మన్యానికి మకుటం.. పాపికొండల జాతీయ ఉద్యానవనం

దెందులూరు: వరి చేలు, చేపల చెరువుల నడుమ నివసించే దెందులూరు, ఏలూరు ప్రాంత ప్రజలకు కొండసీమ దూరమైనదేమీ కాదు. జంగారెడ్డిగూడెం దాటి బుట్టాయగూడెం మార్గాన సాగితే మెట్ట పొలాలు ముగిసి తూర్పు కనుమల వరుస ఆరంభమవుతుంది. గోదావరికి ఇరువైపులా ఉమ్మడి ఉభయ గోదావరి జిల్లాల మన్యంలో విస్తరించిన పాపికొండల అడవి అదే. 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటితమైన దీని వైశాల్యం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు.

పాపిడి వంటి లోయ

కనుమలను చీల్చుకొని గోదావరి ఇక్కడ ఇరుకైన లోయలో ప్రవహిస్తుంది. తలలో తీసిన పాపిడిని పోలి ఉండటం వల్ల పాపిడి కొండలని, అదే క్రమేణా పాపికొండలుగా మారిందని స్థానికుల కథనం. పేరంటాలపల్లి, కొరుటూరు వంటి గ్రామాలు ఈ లోయ తీరాన వెలసినవే.

వృక్ష సంపద

ఆకురాల్చు అడవులు ఇక్కడ అధికం. మద్ది, వేగిస, ఇప్ప, తునికి, నేరేడు, మారేడు వృక్షాలతో పాటు వెదురు పొదలు విస్తారంగా కనిపిస్తాయి. వేసవిలో కొండరెడ్లకు జీలుగు చెట్టు కల్లునిచ్చి ఆదుకుంటుంది. కొండరెడ్లు, కోయలు చింతపండు, తేనె, అడ్డాకులు, వెదురు సేకరించి జీవనం సాగిస్తారు.

జంతుజాలం

పెద్దపులి, చిరుత, అడవి దున్న, ఎలుగుబంటి, రేచుకుక్క, కణితి, చుక్కల దుప్పి, కొండగొర్రె ఈ అడవిలో సంచరిస్తాయి. రాతి గుహలలో అరుదైన బంగారు బల్లి నివసిస్తుంది. నెమళ్లు, అడవికోళ్లు, కొండ మైనాలు పక్షి ప్రియులను ఆకర్షిస్తాయి. రీసస్, బోనెట్ కోతుల ఆవాసాలకు గోదావరే సరిహద్దని శాస్త్రవేత్తలు చాలాకాలం భావించడం విశేషం.

ముంపు ముప్పు

పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ మేరకు నీరు నిలిచిననాడు లోయ దిగువ వాలులు, ఒడ్డునున్న గిరిజన గ్రామాలు జలమయమవుతాయి. నీటి అంచున మేసే జంతువులు ఎగువకు మరలక తప్పదు. వన్యప్రాణులకు ఆవాసం కుదించుకుపోతే అవి ఊళ్ల వైపు రావడం సహజం. 2024 ఆరంభంలో ఏలూరు జిల్లా మెట్ట గ్రామాలలో పులి తిరుగాడి పశువులను చంపిన ఉదంతం రైతులకు గుర్తుండే ఉంటుంది.

అడవి తరిగితే నష్టం మన్యానికే పరిమితం కాదు. బుట్టాయగూడెం ప్రాంతపు కొండవాగుల నీరు జల్లేరు, బైనేరుల ద్వారా ఎర్రకాలువలో చేరి తాడేపల్లిగూడెం పరిసర పల్లపు పొలాల వైపు వస్తుంది. చెట్లు వాన వేగాన్ని అడ్డుకొని నీటిని నేలలో ఇంకిస్తాయి. అవి లేనిచోట వరద ఒక్కసారిగా దిగి చేలపై ఇసుక మేట వేస్తుంది.

పర్యాటకులకు సూచనలు

దేవీపట్నం మండలం గండిపోచమ్మ ఆలయం వద్ద నుంచి, ఎగువన పోచవరం నుంచి బోట్లు నడుస్తాయి. శీతకాలం అనుకూలం. వరద సమయంలో బోట్లను నిలిపివేస్తారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. కనుక ప్రయాణమంతటా లైఫ్ జాకెట్ ధరించాలి. అడవిలో నిప్పు రాజేయడం, ప్లాస్టిక్ పారవేయడం తగదు. వన్యప్రాణుల వేట 1972 నాటి చట్టం ప్రకారం శిక్షార్హం.