అతికించిన నవ్వు

1983 ఫిబ్రవరి 28 రాత్రి అమెరికాలో 'మ్యాష్' అనే టీవీ హాస్య ధారావాహిక ముగిసింది. కొరియా యుద్ధంలో నెత్తురోడే సైనికులకు కుట్లు వేసే డాక్టర్ల కథ అది. ఆ చివరి భాగంలో వెనకనుంచి వచ్చే నవ్వులు లేవు. ఆ తేదీ వచ్చినప్పుడల్లా నాకు చిన్నప్పుడు మా శూలగిరి వైపు చూసిన భారతం ఆట గుర్తొస్తుంది.

కూలి నవ్వు, కూలి చప్పట్లు పాతవే. నీరో చక్రవర్తి తన పాటకు చప్పట్లు కొట్టడానికి 5 వేలమందికి పైగా కుర్రాళ్లను పోగేశాడని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. 19వ శతాబ్దపు పారిస్ నాటకశాలల్లో డబ్బు తీసుకుని నవ్వేవాళ్లు ఉండేవారు. 1950లలో చార్లెస్ డగ్లస్ అనే సౌండ్ ఇంజినీరు వాళ్ల పని ఒక పెట్టెకు అప్పజెప్పాడు. మీట నొక్కితే టేపుమీది నవ్వు పలికేది, కిసుక్కుమనడం నుంచి పగలబడడం దాకా. ఆ పెట్టెకు తాళం వేసి ఉంచేవాడు.

1972లో 'మ్యాష్' మొదలైనప్పుడు ఆ నవ్వు ఉండాల్సిందేనని సీబీఎస్ సంస్థ పట్టుబట్టింది. రచయిత ల్యారీ గెల్‌బార్ట్‌కు అది ఇష్టం లేదు. చివరికి ఒక్క మాట నెగ్గించుకున్నాడు: ఆపరేషన్ గదిలో నవ్వు వినిపించకూడదు. బ్రిటన్‌లో బీబీసీ ఆ నవ్వులన్నీ తీసేసే చూపించింది.

నొప్పి ఉన్నచోట నవ్వకూడదన్న ఈ కట్టుబాటు మా మొరసునాడుకు ఎవరూ నేర్పలేదు. హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందు రాత్రంతా భారతం ఆడతారు. నా చిన్నప్పుడు పెట్రోమాక్స్ వెలుగులో హాస్యగాడు దుర్యోధనుణ్నే ఆటపట్టిస్తుంటే జనం పడీపడీ నవ్వారు. అంతలో దుశ్శాసనుడి చెయ్యి ద్రౌపది కొంగు మీద పడింది. మద్దెల ఆగింది. పక్కన ఒకామె కర్పూరం వెలిగించింది. నేనింకా నవ్వుతూనే ఉన్నాను. మా అవ్వ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "ఆడ నవ్వకూడదు నాయనా, అమ్మ ఏడస్తా ఉండాది" అంది. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఆపాలో నాకు తెలిసింది ఆ చేతి నుంచే.

తర్వాత 1995లో ఈటీవీ, జెమిని టీవీ చానళ్లు వచ్చాయి. 2013లో 'జబర్దస్త్' అనే టీవీ హాస్య కార్యక్రమం వచ్చాక న్యాయనిర్ణేతల నవ్వే మన నవ్వుకు గుర్తయింది. ఇప్పుడు ఫోన్లో జారిపడ్డ ముసలాయన వీడియోకీ అదే నవ్వు అతికిస్తున్నారు. అది తప్పు. పడ్డవాడి నొప్పి వినపడకుండా చేసే నవ్వు హాస్యం కాదు.

మీ దగ్గర్లో భారతం ఆడే ఊరుంటే పిల్లల్ని తీసుకెళ్లండి. చాప, దుప్పటి మరవకండి. ఆట ముగిసేసరికి తెల్లారుతుంది.