క్యూఎము కథ: దుబాసీకి వేగం వచ్చిన తీరు

బెంగళూరైనా చెన్నై అయినా మన పిల్లల్లో సాఫ్ట్‌వేర్ పనివాళ్లు చాలామందే ఉన్నారు. చేతిలో ఫోన్ లేకుండానే కంప్యూటర్ తెర మీద ఆండ్రాయిడ్ ఫోన్ నడిపి యాప్‌లు పరీక్షిస్తుంటారు. దానికి పునాది క్యూఎము అనే ఎమ్యులేటర్. ఎవరైనా ఉచితంగా తీసుకుని, లోపల చూసి, మార్చుకోవచ్చు. ఈసారి దాని చరిత్ర రాస్తున్నాం.

ఒక రకం ప్రాసెసర్ కోసం తయారైన ప్రోగ్రామును ఇంకో రకం ప్రాసెసర్ మీద నడిపించడం ఎమ్యులేటర్ పని. మన మాటలో చెప్పాలంటే దుబాసీ పని. (మదరాసు సభ్యులకు దుబాసీల సంగతి మేం చెప్పనక్కర్లేదు!) అంతకు ముందున్న బాక్స్ అనే ఎమ్యులేటర్ ఒక్కో ఆదేశాన్ని చదివి, అర్థం చేసుకుని అమలు చేసేది. అదే ఆదేశం వెయ్యిసార్లు వస్తే వెయ్యిసార్లూ మళ్లీ మొదటికే. 2003లో ఫ్రాన్సుకు చెందిన ఫాబ్రిస్ బెల్లార్డ్ వేరే దారి పట్టారు. ఆదేశాలను కొన్ని కొన్నిగా ఒకేసారి అనువదించి దాచిపెట్టడం, మళ్లీ అవసరమైతే ఆ అనువాదాన్నే వాడటం. 2005లో ఆయన ప్రచురించిన పరిశోధన పత్రం ప్రకారం మొత్తం యంత్రాన్ని నడిపేటప్పుడు క్యూఎము బాక్స్ కంటే సుమారు 30 రెట్లు వేగం.

ఆ వేగం వెనక ఒక కిటుకు ఉంది. అనువాదానికి కావలసిన చిన్న చిన్న ముక్కలను సీ భాషలో రాసి, జీసీసీ కంపైలర్ చేత యంత్రభాషలోకి మార్పించి, డైన్‌జెన్ అనే పనిముట్టుతో కోసి అతికించేవారు. ప్రతి ప్రాసెసర్‌కూ విడిగా శ్రమపడే పని తప్పింది. అయితే ఇదంతా జీసీసీ ఆ ముక్కలను ఒక ఫలానా తీరులోనే పేరుస్తుందన్న నమ్మకం మీద నిలబడింది. అలా పేరుస్తానని జీసీసీ ఎవరికీ మాటివ్వలేదు. 2005లో జీసీసీ 4 వచ్చింది, పేర్పు మారింది, అతుకులు ఊడాయి. క్యూఎము కట్టుకోవాలంటే పాత జీసీసీ 3ను వెతికి పెట్టుకోవాల్సిన రోజులు కొన్నేళ్లు నడిచాయి.

2008లో బెల్లార్డే డైన్‌జెన్‌ను తీసేసి టీసీజీ అనే కొత్త అనువాద యంత్రాంగం తెచ్చారు. 2009లో 0.10 విడుదలతో అది అందరికీ అందింది. మా దృష్టిలో అంతకంటే పెద్ద సంగతి, దాని పక్కనే పెట్టిన రీడ్‌మీ అనే మామూలు ఫైలు. టీసీజీలో ఏ ఆదేశం ఏం చేస్తుందో, ఏది చేయకూడదో అందులో రాసి ఉంది. తర్వాత కొన్నాళ్లకు బెల్లార్డ్ వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. ఆయన లేకపోయినా పని ఆగలేదు. కొత్త ప్రాసెసర్లకు టీసీజీని అమర్చినవాళ్లకు ఆ ఫైలే దారి చూపింది.

ఇల్లూ, అతిథీ ఒకే రకం ప్రాసెసర్ అయినప్పుడు అనువాదంతో పనేముంది? 2007లో లినక్స్‌లో చేరిన కేవీఎం ఆ పని నేరుగా ప్రాసెసర్‌కే అప్పగించింది. అది వేరే కథ.

అతిథి యంత్రానికి నాలుగు కోర్లున్నా టీసీజీ చాలాకాలం వాటిని ఒక్క దారంలోనే వంతులవారీగా నడిపేది. 2017లో 2.9 విడుదలతో ఒక్కో కోర్‌కు ఒక్కో దారం వచ్చింది. ఏ దారం ఏ తాళం పట్టుకోవాలో చెప్పే పత్రం కూడా అందులోనే చేరింది. టెక్స్‌ఇన్ఫో పద్ధతిలో ఉన్న పాత మాన్యువల్‌ను 2020లో కొత్త పద్ధతిలోకి మార్చారు. ఇలాంటి పనికి చప్పట్లు రావు, చేసినవాళ్లు చేసుకుపోయారు.

మనకు దగ్గరి సంగతి ఒకటుంది. 2018లో 2.12తో క్యూఎముకు రిస్క్-ఫైవ్ భాష తెలిసింది. చెన్నైలో ఐఐటీ మద్రాసు తయారుచేస్తున్న శక్తి ప్రాసెసర్లది ఆ భాషే. రిస్క్-ఫైవ్ చిప్ చేతికి రాకముందే మన పిల్లలెవరైనా ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద ఆ భాషలో లినక్స్ నడిపి చూడొచ్చు. ఎలాగో మాన్యువల్‌లో ఉంది.