నాణేనికి మార్కులు వేసేదెవరు?

మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టె అడుగున, గుడ్డమూటలో కొన్ని వెండి రూపాయలు దొరికాయనుకోండి. ఒకదాని మీద అయిదో జార్జి బొమ్మ, 1911 సంవత్సరం. మరొకదాని మీద ఆరో జార్జి, 1939. "గ్రేడింగు చేయించండి, ధర ఎన్నో రెట్లవుతుంది" అని ఎవరో సలహా ఇచ్చారు. గ్రేడింగు అంటే నాణేన్ని నిపుణుల సంస్థకు పంపటం. అది అసలుదో నకిలీదో వాళ్ళు తేల్చి, అరుగుదలను బట్టి 1 నుంచి 70 దాకా ఒక అంకె వేసి, పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి ఇస్తారు. రుసుము మాత్రం మీరే కట్టాలి. పంపాలా, వద్దా? జవాబు చెప్పుకునే ముందు కాస్త చరిత్రలోకి తొంగిచూద్దాం.

షరాబుల కాలం

నాణేలను పరీక్షించే వృత్తి మనకు కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో 'రూపదర్శకుడు' అనే ఉద్యోగి కనిపిస్తాడు. నాణేల మంచిచెడ్డలు చూడటం అతని పని. తరువాతి కాలంలో ఆ పని షరాబులది. వాళ్ళు మోత విని, గీటురాయి మీద గీసి, త్రాసులో తూచి వెల కట్టేవారు. బెంగాల్‌లో కొత్త సిక్కా రూపాయికి మొదటి ఏడాదే పూర్తి విలువ ఉండేది. రెండో ఏట నూటికి 3, ఆ తరువాత 5 చొప్పున వట్టం కోసేవారు. నాణెం నిజంగా ఎంత అరిగిందన్నది కాదు, దాని మీద ముద్రించిన పాలనా సంవత్సరమే లెక్క. ఈ చిక్కు వదిలించుకోవటానికి ఈస్టిండియా కంపెనీ 18వ శతాబ్దిలోనే ఒక ఉపాయం పన్నింది. ఏ ఏడాది ముద్రించినా సరే, సిక్కా రూపాయి మీద షా ఆలం చక్రవర్తి 19వ పాలనా సంవత్సరమే వేయించింది! 1835లో కంపెనీ ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయి వచ్చింది. దాని బరువు 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి.

70 ఎక్కడిది?

ఇప్పుడు వాడుతున్న కొలబద్ద అమెరికాలో పుట్టింది. విలియం షెల్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1949లో ఆ దేశపు తొలినాటి రాగి సెంట్ల మీద పుస్తకం రాస్తూ దీన్ని ప్రతిపాదించాడు. బొమ్మ ఆనవాలు మాత్రమే మిగిలిన నాణెం ధర 1 అయితే, మచ్చలేని నాణెం ధర దానికి 70 రెట్లని ఆయన లెక్క. అంటే ఇది మొదట్లో ధరల సూత్రం. బజారు మారగానే ఆ సూత్రం చెల్లలేదు, అంకెలు మాత్రం నిలిచిపోయాయి. 1980ల రెండో సగంలో ప్రైవేటు గ్రేడింగు సంస్థలు వాటినే అందుకున్నాయి. ఇక్కడొక విడ్డూరం ఉంది. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మేలైన సెంట్లను తీసుకుని, వాటి స్థానంలో నాసిరకానివి పెట్టింది ఈ షెల్డనే అని 1977లో ఆయన చనిపోయాక బయటపడింది. అంకె ఎంత శాస్త్రీయంగా కనిపించినా, దాన్ని వేసేది మనిషి కన్నే. ఒకే నాణేన్ని రెండుసార్లు పంపితే రెండు వేర్వేరు అంకెలు రావటం కద్దు.

మీరే చేయగల పరీక్ష

1939 రూపాయి అరుదైనది కనుక నకిలీలు ఎక్కువ. 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. అలాంటి తరువాతి నాణెం మీద అంకె మార్చి అమ్మితే బరువును బట్టి పట్టుకోలేం, రెండూ 11.66 గ్రాములే. ఆర్కిమెడిస్ సూత్రం మాత్రం పట్టిస్తుంది. గ్రాములో నూరో వంతు చూపే త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి, త్రాసును సున్నాకు తెచ్చి, నాణేన్ని దారంతో గ్లాసు అడుగు తగలకుండా నీటిలో వేలాడదీయండి. పాత వెండి రూపాయి అయితే త్రాసు దాదాపు 1.13 గ్రాములు చూపుతుంది, సగం వెండిదైతే దాదాపు 1.22. నాణెం అరిగి ఉంటే దాని బరువును ఈ అంకెతో భాగించండి. 10.3 దగ్గర వస్తే మంచి వెండి, 9.5 దగ్గర వస్తే సగం వెండి. కానీ 1938 రూపాయినే 1939గా దిద్ది ఉంటే ఈ పరీక్ష చాలదు. రెండింటి లోహమూ ఒకటే మరి. అక్కడ భూతద్దం, అనుభవజ్ఞుడి కన్ను కావాలి. గ్రేడింగు అసలు ప్రయోజనం ఇక్కడే.

చింతపండు వద్దు

పండుగనాడు లక్ష్మీపూజకు వెండి రూపాయలను చింతపండుతో తోమటం మన ఇళ్ళలో మామూలే. గాలిలోని గంధక సమ్మేళనాలతో వెండి కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది, నలుపు అదే. తోమితే ఆ పొరతోపాటు పైపైన ఉన్న లోహమూ పోతుంది, సన్నని గీతలు పడతాయి. తోమిన నాణేనికీ, కాసులపేరు కోసం కొక్కెం అతికిన నాణేనికీ సంస్థలు సాధారణంగా అంకె వేయవు, లోపం మాత్రం రాసి పంపుతాయి. అలాంటివాటికి రుసుము దండగే.

చట్టం మాట

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని విదేశాలకు పంపే హక్కు ప్రైవేటు వ్యక్తులకు లేదు. గ్రేడింగు కోసమని అమెరికాకు పంపటమూ ఇందులోకే వస్తుంది. 1911 రూపాయి 2011లోనే ఆ గీత దాటింది. 1939 రూపాయికి 2039 దాకా గడువుంది. ఇక భూమిలో దొరికిన నిధి అయితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

ఇప్పుడు నిర్ణయం మీది. నాణెం అరుదైనదై, నకిలీలు తిరుగుతున్నదై, తోమనిదై ఉండి, అమ్మే ఉద్దేశం మీకుంటే, గ్రేడింగుతో పెరిగే ధర రుసుము కంటే బాగా ఎక్కువైతే చేయించండి. లేదంటే మానుకోండి. ఆ 1911 రూపాయినే చూడండి. రాజు దుస్తుల మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవ రావటంతో ప్రభుత్వం దాన్ని వెనక్కు తీసుకుని చాలావరకు కరిగించింది, 1912లో బొమ్మ దిద్దింది. కరగకుండా మిగిలినదొకటి మీ మూటలో ఉంది. అది ఇంట్లోకి ఎవరి ద్వారా వచ్చిందో పెద్దవాళ్ళనడిగి, ఒక చీటీ మీద రాసి దాంతోపాటు కాగితపు కవరులో భద్రపరచండి. ఆ వివరం ఏ గ్రేడింగు సంస్థా ఇవ్వలేదు.