భౌతిక, రసాయనిక మార్పులు

పదార్థము యొక్క ఆకారం, పరిమాణం లేదా స్థితి మాత్రమే మారితే అది భౌతిక మార్పు. కొత్త పదార్థం ఏర్పడితే అది రసాయనిక మార్పు.

పల్నాడు ప్రాంతంలో విరివిగా లభించే సున్నపురాయి ఈ రెండింటికీ ఉదాహరణ. రాయిని ముక్కలుగా కొట్టడం భౌతిక మార్పు. ముక్కలు కూడా కాల్షియం కార్బనేటే. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలలో వలె దానిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చితే కార్బన్ డయాక్సైడు వెలువడి పొడిసున్నం మిగులుతుంది. శుద్ధమైన 100 కిలోల రాయి నుండి 56 కిలోల సున్నమే వస్తుంది. దీనికి నీరు కలిపినపుడు తీవ్రమైన వేడి పుట్టి తడిసున్నం ఏర్పడుతుంది. ఇదీ రసాయనిక మార్పే. చిందితే కళ్ళకు ప్రమాదకరం.

గోడకు వేసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును గ్రహించి తిరిగి కాల్షియం కార్బనేటుగా మారుతుంది. కనుక తిరిగి పూర్వ పదార్థం లభించినంత మాత్రాన భౌతిక మార్పు అనరాదు. కొత్త పదార్థం ఏర్పడినదా లేదా అన్నదే గీటురాయి.