వెనక్కి పిలిచిన మాట

భోరున వాన కురిస్తే ఇంగ్లీషువాడు పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయంటాడు. స్పానిష్ మాట్లాడేవారికి అది ‘యోవేర్ ఆ కాంతరోస్’. కాంతరో అంటే నీళ్ళు తెచ్చుకునే కుండ. మన కుండపోతకు ఇంతకంటే దగ్గరి చుట్టం ఎక్కడ దొరుకుతుంది! ఇటువంటి జాతీయాలను అనువదించడం నిజానికి అంత కష్టం కాదు. ఒక బొమ్మను తీసి, ఆ చోట మరొక బొమ్మను నిలిపితే చాలు. ఇంగ్లీషులో బాల్చీని తన్నినవాడు స్పానిష్‌లో కాలు చాపుతాడు. అన్నట్టు, మనం వేళాకోళంగా ‘బాల్చీ తన్నేశాడు’ అనడం ఇంగ్లీషు నుండి ఉన్నదున్నట్టుగా దిగుమతి అయినదే. దాన్ని ఎవరూ వెలివేయలేదు.

అసలు చిక్కు క్రియలతో వస్తుంది. ఇంగ్లీషు ఒక చిన్న క్రియ పక్కన అప్, ఔట్, బ్యాక్ వంటి పొట్టి మాటను నిలబెట్టి అర్థాన్నే మార్చేస్తుంది. ‘గివ్’ అంటే ఇవ్వడం. ‘గివ్ అప్’ అంటే వదులుకోవడం. స్పానిష్‌లో ఆ పొట్టి మాటలకు ఆ శక్తి లేదు. దానికి ప్రతిసారీ ఒక పూర్తి క్రియ కావాలి. భాషావేత్త లెనర్డ్ టాల్మీ 1985లో ఈ తేడాను సూత్రీకరించాడు: కదలిక ఎటు సాగిందో ఇంగ్లీషు పొట్టి మాటతో చెబుతుంది, స్పానిష్ క్రియతోనే చెబుతుంది. ఇంగ్లీషువాడు నదికి ‘అడ్డంగా ఈదుతాడు’. స్పానిష్‌వాడు నదిని ‘ఈతతో దాటుతాడు’. మనమూ ఈదుకుంటూ దాటేవాళ్ళమే. అందుచేత అనువాదకుడు వాక్యాన్ని తలకిందులు చేయక తప్పదు. ఆ పనిలో ఈదడం, పాకడం, కుంటడం వంటి వివరాలు జారిపోతుంటాయి. డాన్ స్లోబిన్ 1996లో నవలల అనువాదాలను పోల్చి చూసినప్పుడు, ఇంగ్లీషులో ఉన్న ఇటువంటి వివరాలలో సుమారు సగం మాత్రమే స్పానిష్‌లోకి చేరినట్టు తేలింది.

ఇది గ్రంథాలలో జరిగిన అనువాదం. వీధిలో జరిగినది వేరు. 1848 నాటి గ్వాదలూపే ఇదాల్గో ఒడంబడికతో మెక్సికో తన ఉత్తర భూభాగాన్ని అమెరికాకు వదులుకుంది. 1849 నాటి కాలిఫోర్నియా రాజ్యాంగం చట్టాలన్నిటినీ రెండు భాషలలోనూ ప్రకటించాలన్నది. 1879లో వచ్చిన కొత్త రాజ్యాంగం ఆ నియమాన్ని తొలగించింది. 1898లో ప్వెర్తో రీకో కూడా అమెరికా వశమైంది. రాజ్యాలు మారినా జనం ఇళ్ళలో స్పానిష్ మాట్లాడుతూనే ఉన్నారు, బయట ఇంగ్లీషు వింటూ ఉన్నారు. ఇంగ్లీషులో ‘కాల్ బ్యాక్’ అంటే ఫోను చేసినవారికి తిరిగి చేయడం. దానికి స్పానిష్‌లో ‘దెవోల్వేర్ లా యమాదా’, అంటే పిలుపును తిరిగి ఇవ్వడం, అనే చక్కని మాట ఉంది. జనం మాత్రం ‘యమార్ పారా అత్రాస్’ అన్నారు: వెనుకవైపుకు పిలవడం.

వ్యాకరణవేత్తలు దీన్ని చూసి చీదరించుకున్నారు. ఇంగ్లీషు చొక్కాకు స్పానిష్ గుండీలన్నారు. అయితే ఈ ప్రయోగం ఒక్క చోట పుట్టి పాకింది కాదు. 1704లో ఇంగ్లీషువారు పట్టుకున్న జిబ్రాల్టర్‌లోనూ ఇదే మాట వినబడుతుంది. ఒకదానికొకటి సముద్రం దూరాన ఉన్న జనాలు ఒకే విధంగా తప్పు చేస్తే దాన్ని తప్పని కొట్టిపారేయడం తొందరపాటే అవుతుంది. రికార్దో ఓతేగీ 1993లో వాదించినది దాదాపు ఇదే: ఇందులోని ప్రతి మాటా స్పానిష్‌దే, కూర్పూ స్పానిష్‌దే, కొత్తగా వచ్చినది ఊహ ఒక్కటే. నాకు ఆయన వాదమే సబబుగా తోస్తుంది.

మాద్రిద్‌లోని రాయల్ అకాడమీకి అంత ఓర్పు లేకపోయింది. అమెరికాలోని ఈ మిశ్రమ భాషకు నిఘంటువులో ‘ఎస్పాంగ్లిష్’ అనే పేరుతో చోటిస్తామని 2012లో ప్రకటిస్తూ, ఇందులో రెండు భాషల అంశాలు ‘వికృతమై’ కలుస్తాయని నిర్వచించింది. అమెరికాలోని స్పానిష్ అకాడమీవారు అభ్యంతరం చెప్పారు. 2014 ముద్రణకు వచ్చేసరికి ఆ ఒక్క మాట తొలగిపోయింది.

మిగిలిన చిక్కల్లా అనువాదకునిదే. ఒక నవలలో న్యూయార్క్‌లోని ప్వెర్తో రీకో తల్లి కొడుకుతో ఫోనులో ‘తే యామో పారా అత్రాస్’ అంటుంది అనుకోండి. దాన్ని ఇంగ్లీషులోకి తేవడం క్షణం పని, అక్కడినుంచి వచ్చిందే కదా. కాని ఆ మాట పుట్టింటికి చేరిన మరుక్షణం అందరి ఇంగ్లీషులో కలిసిపోతుంది. ఆమె ఏ వీధిలో నిలబడి మాట్లాడుతోందో ఇక పాఠకునికి తెలియదు.